మెదక్ పిల్లల ఆకుల పుస్తకం

మెదక్ వెళ్ళొచ్చానంటే అందరూ చర్చి గురించే అడుగుతున్నారు. అంత ఎత్తు గోపురం, రంగు అద్దాల కిటికీలు, అన్నీ చూశావా అని. చూశాను, రిక్షాలోంచి, తల వంచుకు కూర్చున్న మనిషికి ఎంత కనబడుతుందో అంత. నేను వెళ్ళింది చర్చికి కాదు, ఒక చిన్న ప్రాథమిక పాఠశాలకు. మన టీచర్లలో ఎవరైనా ఆ బడి చూడాలనుకుంటే దారీ వేళలూ తెలియాలి కదా అని ఇది రాయడానికి కూర్చున్నాను. ముందు దారి మాత్రమే రాసి, ఎందుకు వెళ్ళానో దాటేద్దామనుకున్నాను. కానీ దాటేస్తే ఈ రాత కూడా నేను ఆడిన అబద్ధాల జాబితాలో చేరుతుంది. ఆ జాబితా ఇప్పటికే చాలినంత ఉంది.

మాది తెనాలి దగ్గర పల్లె. రాష్ట్రాలు కలిశాక ఉద్యోగం దొరికి సిద్దిపేట వచ్చి, రెండో తరగతికి చెబుతున్నాను. కిందటేడు వేసవిలో టీచర్ల శిక్షణ శిబిరంలో మెదక్ నుంచి వచ్చిన కరుణమ్మ టీచరు నా పక్క మంచం. ఆవిడదీ రెండో తరగతే. ఏడాది పొడుగునా పిల్లలు చేసిన పనిని ఒకరికొకరం పంపుకుందామని ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం. డిసెంబరులో ఆవిడ దగ్గర నుంచి పార్సిలు వచ్చింది. అట్టల మధ్య దారంతో కుట్టిన లావుపాటి పుస్తకం. మోదుగాకు, సీతాఫలం ఆకు, బతుకమ్మ పేర్చగా మిగిలిన తంగేడు పూలు, గునుగు పూలు, ఒక్కో పేజీకి ఒక్కొక్కటి అతికించి ఉన్నాయి. ప్రతి ఆకు కిందా నల్లగా ఒక వేలిముద్ర. మా తరగతి నుంచి పంపడానికి నా దగ్గర ఏముంది? ఇవాళ, రేపు అంటూ ఆరు నెలలు గడిపిన బద్ధకం ఉంది.

జనవరిలో తాలూకా బడుల ప్రదర్శన పెట్టారు. మీ తరగతిది ఏముందమ్మా అని హెడ్మాస్టరు అడిగారు. బీరువా మీద ఉన్న ఆ పుస్తకం దించాను. ఆకులు ముచ్చటగా ఉన్నాయి, వేలిముద్రలే అసహ్యంగా కనిపించాయి. మా వైపు వేలిముద్రగాడు అంటే తిట్టు. తెల్లకాగితం చీటీలు కత్తిరించి, మా పిల్లల పేర్లు గుండ్రంగా రాసి, మైదాపిండి జిగురుతో ఆ ముద్రల మీద అతికించాను. మొదటి బహుమతిగా పెద్ద గ్లోబు ఇచ్చారు. ప్రదర్శన బల్ల దగ్గర నిలబెట్టిన మా పిల్లల్లో ఒకమ్మాయి, "మనం గివి ఎప్పుడు జేసినం టీచర్?" అని మెల్లగా అడిగింది. నోరు మూసుకు నిలబడు అన్నాను. ఆ పిల్ల అలాగే నిలబడింది. సాయంత్రం దాకా నిలబడింది.

మార్చి చివర కరుణమ్మ కార్డు రాసింది. ఆ పుస్తకం వాళ్ళ పిల్లలకు పరీక్షలాంటిదట. ఆకులు అతికించిననాడు పేరు రాయడం రాక వేసిన వేలిముద్రను, వేసవి సెలవులకు ముందు ఎవరిది వాళ్ళు వెతుక్కుని, పక్కన తమ పేరు రాయాలట. అప్పటిలోగా పంపమని కోరింది. ఆ రాత్రే చీటీలు తడిపి ఊడదీయబోయాను. చీటీతో పాటు ముద్ర వచ్చింది, కాగితం వచ్చింది, కొన్ని చోట్ల ఆకు కూడా వచ్చింది. పోస్టులో పంపితే ముఖం దాచుకున్నట్టవుతుందని నేనే తీసుకెళ్ళడానికి నిశ్చయించుకుని, ఫలానా రోజు వస్తున్నానని కార్డు రాశాను. అది నిజాయితీ అనుకునేరు. వెళ్ళి ఏం చెప్పాలో అప్పటికే సిద్ధం చేసుకున్నాను. మా ఇంటి పైకప్పు కారింది, వానకు తడిసింది.

సిద్దిపేటలో తెల్లవారి ఐదున్నరకు బస్సు ఉంది. రామాయంపేటలో దిగి మెదక్ బస్సు పట్టుకోవాలి. అక్కడ అరగంటకు పైగా ఆగాల్సి వచ్చింది. హోటల్లో ఉప్మా, టీ దొరుకుతాయి, టీ మాత్రం బాగుంటుంది. రెండు బస్సులకూ కలిపి రెండు రూపాయలు కూడా కాలేదు. ఏప్రిల్లో ఒంటిపూట బడి కాబట్టి ఈ మొదటి బస్సు తప్పితే ప్రయాణం దండగ. ఎనిమిదిన్నరకల్లా మెదక్‌లో దిగాను. రిక్షా అతను పావలా అడిగి, నేను ఎక్కగానే చర్చి వైపు తిప్పాడు.

"చర్చికి కాదయ్యా, బడికి," అన్నాను.

"బడి జూడనీకి గంత దూరంకెల్లి వచ్చిన్రా అమ్మా?" అతను వెనక్కి తిరిగి చూశాడు. "మా పోరగాండ్లను బడికి తోలనీకే మాకు తలపాణం తోకకొస్తది. మీరేమో కిరాయి వెట్టుకొని వస్తున్రు."

నవ్వు రాలేదు. ఒళ్ళో సంచి బరువుగా ఉంది.

కోట గుట్ట కనిపించే వీధిలో రెండు గదుల పెంకుటిల్లు ఆ బడి. కరుణమ్మ గుమ్మం దాకా వచ్చి నా చేతులు పట్టుకుంది. "వస్తరో రారో అని పొద్దుగాల సంది పిల్లలు తొవ్వ జూస్తున్రు. రాండ్రి, కూసోండ్రి, జర నీళ్ళు తాగుండ్రి," అంది. లోపల ముప్పై మంది పిల్లలు లేచి నిలబడ్డారు. బోర్డు మీద, సిద్దిపేట టీచరమ్మకు స్వాగతం అని సుద్దతో రాసి ఉంది. ఆ అక్షరాలు వంకరగా, ఒక్కొక్కటి ఒక్కొక్కరు రాసినట్టున్నాయి. అడిగితే నిజంగానే ఒక్కో అక్షరం ఒక్కొక్కరు రాశారట.

వాళ్ళ ఏడాదంతా ఆ గదిలోనే ఉంది. కిటికీలో పగిలిన కుండపెంకుల్లో జులైలో పోసిన వరి నారు ఎండి గడ్డయినా పారేయలేదు. మూలన బంకమట్టితో చేసిన మెదక్ పట్నం, అందులో కోట, చర్చి, బస్టాండు, వాటన్నిటికన్నా పెద్దగా బడి. అన్నిటికన్నా నాకు నచ్చింది వాన లెక్క. వాన కొలవడానికి వాళ్ళు దవాఖానా మందుసీసా పెట్టారు. కాంపౌండరు మందు ఎంత తాగాలో తెలియడానికి సీసాకు కాగితం మెట్లు అతికిస్తాడు చూడండి, అదే వాళ్ళ కొలబద్ద. ఇవాళ మూడు మోతాదుల వాన, నిన్న ఒక మోతాదు, ఇలా నోటుబుక్కులో రాస్తారు. చుట్టుపక్కల ఊళ్ళు టేక్మాల్, రేగోడ్, నిజాంపేటలకు వేరే గళ్ళు ఉన్నాయి. అక్కడి నుంచి చుట్టాలు వస్తే, వాన పడ్డదా అని అడిగి రాసుకుంటారట.

ఆగస్టు పేజీలో ఒక రోజు గడి ఖాళీగా ఉంది. అందులో వేలిముద్ర మాత్రం ఉంది. ఇదేమిటని అడిగాను. రెండు జడల బాలమణి అనే అమ్మాయి జవాబు చెప్పింది. వాన నోటుబుక్కు బాధ్యత ఆ పిల్లదే.

"ఆ దినం యాదగిరి సీసాను తన్నిండు టీచర్. నీళ్ళన్ని పోయినయి. గందుకే నిశాని ఏసిండు."

"తప్పు చేసినా ముద్ర వేయాలా?"

"ఎవలు జేసింది వాళ్ళే ఎయ్యాలె. మంచిగ జేసిన ఎయ్యాలె, ఖరాబు జేసిన ఎయ్యాలె," అంది బాలమణి, ఇంత చిన్న సంగతి టీచరుకు తెలియదా అన్నట్టు. వెనక వరసలో యాదగిరి తల వంచుకోలేదు, నవ్వుతున్నాడు.

అప్పుడు కరుణమ్మ ఆకుల పుస్తకం అడిగింది. సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాను. ఆవిడ మొదటి పేజీ తిప్పింది, రెండోది తిప్పింది, చేయి ఆగిపోయింది. వల్లెవేసుకుని వచ్చిన ముక్క అప్పజెప్పాను.

"వానకు తడిసిపోయిందండీ. మా ఇల్లు కారింది."

అంతే, తరగతి గదిలో కలకలం మొదలైంది. పుస్తకం పాడైనందుకు కాదు. ఎండాకాలంలో సిద్దిపేటలో వాన పడిందని. "మామిడికాయలు రాలినయా టీచర్?" అని ఒకడు, "రాళ్ళవానా?" అని మరొకడు. బాలమణి అప్పటికే వాన నోటుబుక్కు తెచ్చి, కొత్త గడి గీసి, పైన సిద్దిపేట అని ఒత్తి ఒత్తి రాసింది.

"ఏ దినం పడ్డది టీచర్?"

"మంగళవారం," అన్నాను. నోరు దానంతటదే అంది.

"ఎన్ని మోతాదులు?"

పెన్సిలు కాగితం మీద ఆగి ఉంది. ఆ పిల్ల నా ముఖంలోకి చూస్తోంది. ఏడాదంతా తప్పు లెక్క ఒక్కటి లేకుండా, సీసా తన్నిన రోజును కూడా దాచకుండా రాసుకున్న పుస్తకం అది. అందులో నా పడని వాన చేరబోతోంది.

"రాయకమ్మా," అన్నాను. "వాన పడలేదు. నేనే తడిపాను."

కరుణమ్మ కుర్చీలో కూర్చుంది. నేను ఆవిడ వైపు తిరిగి మెల్లగా ఏదో చెప్పబోయాను. "నాకు గాదు, పిల్లలకు జెప్పుండ్రి. పుస్తకం వాళ్ళది," అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు కొంత సుఖంగా ఉండేది.

చెప్పాను. మీ ముద్రల మీద వేరే పిల్లల పేర్లు అతికించాను, బహుమతి తెచ్చుకున్నాను, తర్వాత పీకబోతే చిరిగిపోయింది, ఇప్పుడు అబద్ధం ఆడాను అని ముప్పై మంది ముందు వరసగా చెప్పాను. చిన్నపిల్లల ముందు తప్పు ఒప్పుకోవడం తేలిక అనుకునేవాళ్ళు ఒకసారి ప్రయత్నించి చూడండి. వాళ్ళు మధ్యలో మాట కలపరు, పోనీలే అనరు, చివరి దాకా వింటారు. అయ్యాక ఒక్కొక్కరే వచ్చి తమ పేజీ వెతుక్కున్నారు. కొందరికి ముద్ర దొరకలేదు. ఒక పిల్లవాడు తన తంగేడు పువ్వు ఉండాల్సిన చోట చిల్లులోంచి వేలు పెట్టి చూసి, వెళ్ళి కూర్చున్నాడు. బాలమణి మోదుగాకు పేజీ దగ్గర ఆగింది.

"గిది నాదే. సగమున్నది," అంది. బొటనవేలు దాని పక్కన ఆనించి చూసుకుని, "అప్పుడు చిన్నగ ఉండె," అంది. తర్వాత తన పేరు రాసింది. రాసి, స్టాంపు సిరా డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది.

"టీచర్, మీరు నిశాని ఎయ్యలే."

ఎగతాళి కాదు, శిక్ష కూడా కాదు. ఆ గది పద్ధతి అది. పాడైన పేజీలు పంతొమ్మిది. పిల్లలు పేజీ తిప్పి పట్టుకుంటుంటే, ఒక్కోదాని మీదా ఎడమ బొటనవేలు ఒత్తాను. ఐదో పేజీకి కళ్ళు మసకబారాయి. "సిరా తక్కువ పడ్డది టీచర్, మళ్ళ ముంచుండ్రి," అని యాదగిరి హెచ్చరించాడు.

మధ్యాహ్నం కరుణమ్మ ఇంట్లో జొన్నరొట్టె, పచ్చిపులుసు తిన్నాను. వద్దంటే వినలేదు. "పోస్టుల పంపిస్తే అయిపోతుండె గదా, ఎందుకొచ్చిన్రు?" అని అడిగింది. తెలియదన్నాను. "అచ్చుడే మంచిగైంది," అని ఇంకో రొట్టె వేసింది. రెండు గంటలకు రామాయంపేట బస్సు ఉంది, బస్టాండు దాకా నడిచి వచ్చి ఎక్కించింది.

బస్సులో సిద్దిపేట వెళ్ళాలని చెప్పి టికెట్టు కోసం చేయి చాపినప్పుడు కండక్టరు నా బొటనవేలు చూశాడు. నలిగిన చీర, ఏడ్చి ఉబ్బిన ముఖం, వేలికి సిరా. రిజిస్ట్రీ ఆఫీసులో వేలిముద్ర వేసి వెళ్తున్న మనిషి అనుకున్నట్టున్నాడు. గొంతు తగ్గించి, పక్కవాళ్ళకు వినపడకుండా చెప్పాడు.

"అమ్మా, గిది రామాయంపేట టికెట్. ఆడ దిగి సిద్దిపేట బస్సెక్కాలె. బోర్డు సదువరాకుంటే పరేశాన్ గాకు, డ్రైవర్‌ను అడుగు, చెప్తడు."

నాకు చదువు వచ్చు అని అనలేకపోయాను. సరే నాయనా అన్నాను. రామాయంపేటలో అతను కిందికి దిగి, నన్ను సిద్దిపేట బస్సు దాకా తీసుకెళ్ళి, మెట్టు చూపించి మరీ వెళ్ళాడు.

సిరా మూడు రోజులకు పోయింది. జూన్‌లో బడి తెరవగానే గ్లోబును బస్సులో మెదక్ పంపేశాను. అది మనది కాదని, మూడో తరగతికి వెళ్ళిన మా పిల్లలకు చెప్పినప్పుడు, ప్రదర్శన రోజు నేను నోరు మూయించిన అమ్మాయి లేచి, "మాకెరుకే టీచర్," అంది. వేసవి సెలవుల దాకా వాళ్ళు అది తెలిసే నా పాఠాలు విన్నారు, నిజం చెప్పాలి అనే పాఠంతో సహా. మెదక్‌లో ముప్పై మంది ముందు పడ్డ సిగ్గు ఒక ఎత్తు, ఆ ఒక్క మాట ఒక ఎత్తు. ఇప్పుడు మా కిటికీలో కూడా ఒక మందుసీసా ఉంది. పోయిన వారం ఒకటిన్నర మోతాదు పడింది. మీరు ఆ బడికి వెళ్ళేటట్టయితే చెప్పవలసిన జాగ్రత్త ఒక్కటే. బయలుదేరే ముందు మీ ఊళ్ళో చివరిసారి వాన ఎప్పుడు పడిందో, ఎంత పడిందో సరిగ్గా కనుక్కుని వెళ్ళండి. వాళ్ళు తప్పకుండా అడుగుతారు, మీరు ఏది చెబితే అది రాసుకుంటారు.