పదకొండు గంటల పెళ్ళి

మా అమ్మాయి పెళ్ళి అనంతపురం బయట, హైవే పక్కనున్న ఒక కంట్రీ క్లబ్బులో చేశాం. నన్ను ఎరిగినవాళ్ళు ఇది విని ఆశ్చర్యపోయారు. ఆడంబరపు పెళ్ళిళ్ళ మీద ఇన్నేళ్ళు రాసి, సభల్లో మాట్లాడి, చివరికి ఈతకొలను ఉన్న చోట పెళ్ళేమిటని మొహం మీదే అడిగారు. కారణం చిన్నది. ఊళ్ళో నేను చూసిన ప్రతి కల్యాణ మంటపంలోనూ వేదిక వెనక సిమెంటు దేవుడున్నాడు. ఆ ఒక్కపూటకు తెర కట్టుకుంటామంటే యజమానులు ఒప్పుకోలేదు. దేవుణ్ణి దాచిన మంటపానికి మళ్ళీ గిరాకీ రాదని ఒకాయన నిజాయితీగానే చెప్పాడు. క్లబ్బు హాల్లో తెల్లగోడలు, కుర్చీలు, ఒక మైకు తప్ప ఏమీ లేవు. నాకు కావలసింది అదే.

తీరా వెళ్ళి చూస్తే మూఢనమ్మకం అక్కడా ఉంది. హైవే వైపున్న పెద్ద గేటుకు తాళం వేసి, జనాన్ని పక్క సందులోని చిన్న గేటు నుంచి రానిస్తున్నారు. ఎందుకని మేనేజర్ని అడిగాను.

"అది వాస్తు ప్రకారం లేదు మేడమ్."

"మరి కట్టిందెందుకు?"

"కట్టినాక చూపిచ్చినారు మేడమ్."

నేను అడిగిన తేదీ చూసి అతను తలెత్తాడు. "ఆషాఢం మేడమ్ అది. ఎవరూ పెండ్లి చేయరు."

"మేం చేస్తాం," అన్నాను. అతను జాలిపడ్డాడో సంతోషపడ్డాడో తెలియదు. హాలుతోపాటు గదులన్నీ మాకే ఇచ్చాడు. ఆ నెలంతా క్లబ్బు ఖాళీ.

ఆషాఢం నేను కావాలని పెట్టుకున్నదే. ఆ నెలలో పెళ్ళి చేస్తే ఏం జరుగుతుందని ఎన్నో సభల్లో అడిగాను. వేదిక మీది పండితులు శాస్త్రమన్నారు, ఆచారమన్నారు, పెద్దలు చెప్పారన్నారు. ఏ శాస్త్రం, ఎక్కడ, ఎందుకు అంటే మళ్ళీ శాస్త్రమనే అన్నారు. సొంత బిడ్డ పెళ్ళి ఆ నెలలో చేసి చూపించకపోతే నా ప్రశ్నకు విలువ ఉండదని నా లెక్క. అమ్మాయి, పెళ్ళికొడుకు ఇద్దరూ ఒప్పుకున్నారు. మంత్రాలు లేవు, హోమం లేదు. దండలు మార్చుకుని, అందరి ముందూ ఒక ప్రమాణం చదివి, సంతకాలు పెడతారు.

పెళ్ళికొడుకు వాళ్ళది తాడిపత్రి. తండ్రి బండల పాలిష్ పని చేయిస్తాడు. ఆయనకు దేవుడి మీద పట్టింపు లేదు, పేచీ కూడా లేదు. పట్టింపంతా ఆయన తల్లిది. ఆ అవ్వ ఆషాఢమని విని రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. తర్వాత గోడ మీది క్యాలెండరు దింపించి చదివించుకుని, ఆదివారం పొద్దున పదకొండుకు దుర్ముహూర్తం, రాహుకాలం ఏవీ లేవని తేల్చుకుంది. "నెల చెడ్డదైనా గంట మంచిదే" అని కబురు పంపింది. నేను పదకొండు పెట్టింది పల్లెల నుంచి వచ్చేవాళ్ళకు బస్సులు అందాలని. ఆమె కారణం ఆమెది, నా కారణం నాది. గంట మాత్రం ఇద్దరికీ కుదిరింది.

ఒక మాట చెప్పాలి. మా సంస్కరణ పెళ్ళిళ్ళకు ఒక గౌరవం ఉంది. అవి చెప్పిన వేళకు మొదలవుతాయి. పురోహితుడి కోసం, గడియల కోసం జనాన్ని గంటలకొద్దీ కూర్చోబెట్టం. కార్డులో పదకొండని వేస్తే పదకొండే. ఈ సంగతి నేను చాలాచోట్ల గర్వంగా చెప్పుకున్నాను.

అమ్మాయి అన్నిటికీ సరేనంది. ఒక్కటి మాత్రం తనకు వదిలేయమంది. "మామ నా చెయ్యి పట్టుకుని పిల్చుకొని రావాల మా. అంతే." మా వైపు పెళ్ళిళ్ళలో మేనమామ పెళ్ళికూతుర్ని గంపలో కూచోబెట్టి ఎత్తుకొస్తాడు. గంప వద్దు, చెయ్యి చాలంది తను. అది ఆచారం కదా అని నేను అనబోయి మానుకున్నాను. చిన్నప్పుడు ప్రతి ఎండాకాలమూ గార్లదిన్నె దగ్గరున్న మా ఊళ్ళో, నా తమ్ముడి వెంట తిరిగి పెరిగిన పిల్ల. నేను సభలకు వెళ్ళిన రోజుల్లో దాని జడలు వేసింది కూడా వాడే. తండ్రి పోయాక దాని ఫీజుల సంగతీ వాడే చూశాడు.

శనివారం సాయంత్రమే మేం కొందరం క్లబ్బు గదుల్లో దిగాం. రాత్రి వాన పట్టుకుంది. ఈ సీమలో వాన అంటే నాలుగు చినుకులు, తర్వాత గాలి. ఆ రాత్రిది అలాంటిది కాదు. తెల్లారి లేచి చూస్తే పచ్చిక మీద నీళ్ళు నిలిచి ఉన్నాయి. స్వాగతానికి కట్టిన గుడ్డలన్నీ తడిసి వేలాడుతున్నాయి. మేనేజర్ పరుగెత్తుకొచ్చి, "సారీ మేడమ్, వాన పడింది" అన్నాడు. అతనిది ఈ జిల్లా కాదని నాకు అప్పుడు తెలిసింది.

అప్పుడే తమ్ముడి ఫోను వచ్చింది.

"అక్కా, వాన పడినాది."

"పడనీలేరా, హాలు ఉండాది కదా."

"హాలు సంగతి కాదక్కా. సేన్లో పడినాది."

వాడు చెప్పుకుపోయాడు. "మంచి పదును. ఊరంతా ఇత్తనానికి దిగినారు. ఇత్తనమేసే గొర్రున్న ట్రాక్టరు ఒకటే ఉండాది, వంతులు ఏసుకున్న్యాం. నాకు మధ్యాన్నం వంతు వచ్చినాది. ఈ వంతు పోతే మల్ల ఎప్పుడిస్తారో. ఈ గాలికి రేపటికే నేల ఆరిపోతాది."

ఎర్రనేల సంగతి నాకు తెలియనిది కాదు. పదును, అంటే వాన తడి, నేలలో నిలిచి ఉన్న ఆ ఒకటి రెండు రోజుల్లో శెనక్కాయలు విత్తుకోవాలి. తప్పితే మళ్ళీ వాన కోసం చూడాలి. మా తమ్ముడు రెండేళ్ళుగా చూస్తున్నాడు. వరసగా రెండేళ్ళు వాన రాక చేను బీడు పడి ఉంది. ఈ ఏడు కూడా పోతే చేను కౌలుకిచ్చి, తాడిపత్రి బండల ఫ్యాక్టరీలో పనికి పోతానని ఆ మధ్య అన్నాడు. ఇన్ని తెలిసీ, ఆషాఢంలో పెళ్ళి పెట్టేటప్పుడు నాకు పంచాంగమే గుర్తొచ్చింది గాని విత్తనం గుర్తు రాలేదు.

"నువ్వు రావద్దులేరా," అన్నాను. "పాప చెయ్యి ఎవరో ఒకరం పట్టుకుంటాం."

"వస్తానక్కా. అయిదుకో, కొంచెం అటుఇటుగానో. పెండ్లి కొంచెం నిలుపు."

"పదకొండని కార్డులో వేసినాం కదరా."

"వేసింది నువ్వే కదక్కా," అన్నాడు వాడు. మాటలో కోపం లేదు. వెనక ఎవరో ట్రాక్టరు గురించి అరుస్తున్నారు. ఫోను పెట్టేశాడు.

అమ్మాయి తల దువ్వుకుంటూ ఇదంతా విన్నది. "అయితే అయిదుకు చేసుకుందాం," అంది.

"జనం పదకొండుకు వస్తారు."

"వచ్చినోళ్ళు కూచుంటారు. మా, మనకు ముహూర్తం లేదని ఊరంతా చెప్పినావు. ముహూర్తం లేనప్పుడు పదకొండైతే ఏమి, అయిదైతే ఏమి?"

తర్కం నేను నేర్పిందే. అయినా నేను ఒప్పుకోలేదు. మాటకు కట్టుబడటం వేరు, ముహూర్తం వేరు అన్నాను. వినేవాళ్ళకు ఆ తేడా ఎంత తెలిసిందో నాకు అనుమానమే. ఇంతలో పెళ్ళికొడుకు తండ్రి వచ్చాడు, వెనకే అవ్వ. ఆయన విషయం విని తల గోక్కున్నాడు.

"అమ్మా చెల్లెమ్మా, ఆషాఢమన్యావు, సరే అన్న్యాం. ఇప్పుడు అయిదంటే, ఆదివారం సాయంత్రం రాహుకాలం గదమ్మా. ఆరు దాకా ఉంటాది. మా యమ్మ ఒప్పుకుంటాదా?"

"నేను అయిదు అనలేదన్నా," అన్నాను. "నేను పదకొండే అంటున్నాను."

"మా యమ్మా పదకొండే అంటాది."

అలా ఆ గదిలో నేనూ అవ్వా ఒక పక్షమయ్యాం. ఇన్నేళ్ళ వాదాల్లో నాకు దొరికిన మిత్రులందరిలోనూ ఆమె కొత్త రకం. మా అమ్మాయి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత నన్ను వదిలేసి, అవ్వ పక్కన మంచం మీద కూర్చుంది.

"అవ్వా, మా మామ రాకుండా నేను బయటికి రాను."

"ఏమే, ఆయప్పకు అంత పనేముంది? మేనకోడలు పెండ్లి కంటేనా?"

"ఇత్తనం వేస్తాండాడు."

అవ్వ మెడ తిప్పి కిటికీలోంచి పచ్చిక మీది నీళ్ళు చూసింది. "ఆ పక్కనా ఇంత పడినాదా?"

"సాళ్ళలో నీళ్ళు నిలిచినాయంట."

అవ్వకు తాడిపత్రి రాకముందు యాడికి దగ్గర పల్లెలో చేలుండేవి. ఆమె ఎక్కువసేపు ఆలోచించలేదు. "పదును ఇడిసిపెట్టి ఎవడొస్తాడే! వస్తే వాణ్ణి మగోడనరు. నిలపండి. రాహువు దినామూ వస్తాడు, పదును దినామూ వస్తాదా?" అంది. ఆ వెంటనే వేలు చూపి, "కానీ ఆరు దాటినాక చేసుకుందురు. అంతవరకూ ఎవురూ దండలు ముట్టుకోవద్దు," అని కొడుక్కి చెప్పింది.

నాకు అది మరీ ఇబ్బంది. పదకొండు పోతే పోయింది. ఆరు దాకా ఆగితే మేం రాహుకాలానికి లొంగినట్టే. ఆ మాట పైకి అన్నాను కూడా. పెళ్ళికొడుకు తండ్రి, "ఏమమ్మా, ఇట్లా కాదు అట్లా కాదు, నీ ముహూర్తం పంచాంగం కంటే కష్టంగా ఉండాదే" అన్నాడు. మా అమ్మాయి గట్టిగా నవ్వేసింది.

పదకొండుకు జనం వచ్చారు. మా వైపు కుర్చీల్లో నా పాత సహోద్యోగులు, సభల్లో కలిసేవాళ్ళు ఉన్నారు. ఊరివాళ్ళు ఒక్కరూ రాలేదు. అందరూ చేలల్లో ఉన్నారు. మైకు దగ్గరికెళ్ళి, పెళ్ళి సాయంత్రానికి మారిందని, కారణం విత్తనమని చెప్పాను. ఎవరూ విసుక్కోలేదు. ఈ ప్రాంతంలో వాన కారణంగా ఏదైనా ఆగిందని వినడమే జనానికి అపురూపం. ఎంత పడిందని ఒకరినొకరు అడిగారు. ఒక మిత్రుడు మాత్రం చెవిలో, "మనవాళ్ళ పెళ్ళి ఆలస్యం కావడం ఇదే మొదలు" అన్నాడు.

వండిన అన్నం ఆగదు. పెళ్ళి కాకముందే పెళ్ళి భోజనం పెట్టాం. "అక్షింతలు ఎయ్యకుండా విస్తరి ముందు కూచునేది నా బతుకులో ఇదే" అని అవ్వ అంటూనే ఓళిగ రెండోది అడిగింది.

సాయంత్రానికి గాలి లేచింది. తమ్ముడు పెళ్ళివాళ్ళ మధ్యలోకి స్కూటరు మీద వచ్చాడు. చొక్కా మార్చుకున్నాడు గాని పాదాల నిండా ఎర్రమట్టి ఉంది. వెనక మరదలు. పాప దగ్గరికి నేరుగా పోయి, "ఆకలైతాందా?" అని అడిగాడు. అది వాడి పలకరింపు.

"అయిపోయిందారా?" అన్నాను.

"అయిపాయలేక్కా."

మళ్ళీ వెంటనే పోవాలన్నాడు. చీకటి పడేలోగా ట్రాక్టరును తర్వాతి వంతువాళ్ళకు అప్పజెప్పాలట. అంటే ఆరు దాకా ఆగే వీల్లేదు. అందరూ అవ్వ వైపు చూశారు. ఆమె నన్ను పిలిచింది.

"టైమెంతయింది తల్లీ?"

గడియారం చూశాను. "ఆరుకు ఇంకా ఇరవై నిమిషాలుండాది."

"ఆరయిందని చెప్పేదానికి నీకు నోరు రాలేదా?" అంది. కొంగు సర్దుకుని లేచి, ముందు వరసలోకి పోయి కూర్చుంది. దండలు తెమ్మని కొడుకుతో అన్నది ఆమే.

తమ్ముడు పాప చెయ్యి పట్టుకుని హాలు చివరి నుంచి నడిపించుకొచ్చాడు. వాడి కాళ్ళ మట్టి తెల్లటి టైల్స్ మీద అచ్చులు పడుతుంటే మేనేజర్ చూస్తూ నిలబడ్డాడు. ప్రమాణం చదివారు, సంతకాలు పెట్టారు. వాడు సాక్షి సంతకం చేసి, భోజనం క్యారియర్లో పెట్టించుకుని వెళ్ళిపోయాడు.

కొన్ని వారాల తర్వాత కొత్త దంపతులతో కలిసి ఊరికి వెళ్ళాను. చేను పచ్చగా ఉంది. రోడ్డు వైపు మాత్రం ఒక పట్టీ ఎర్రగా, ఖాళీగా మిగిలిపోయింది. చిన్న ముక్క కాదది.

"అదేంరా?"

"ఆడ గుండ్రాళ్ళక్కా. యెప్పుడూ పండదు."

"రాళ్ళూ లేవు, ఏమీ లేవు వదినా," అంది మరదలు. "పెండ్లికని వంతు మధ్యలోనే ఇడిసిపెట్టినాడు. తిరిగొచ్చేలోగా ట్రాక్టరు పక్కసేన్లోకి పోయినాది. తెల్లారేసరికి నేల ఆరిపాయ."

"నువ్వు ఊరుకోమే," అన్నాడు వాడు.

మా అమ్మాయి ఆ పట్టీ పొడవునా చూసింది. తర్వాత, "మామా, ఇప్పుడు దీంట్లో ఏమేస్తావు?" అంది.

"వాన పడితే ఉలవలు. దానికి ఇంకా కాలముండాది."

ఎంత వాన పడాలని అల్లుడు అడిగాడు. తమ్ముడు వంగి, మట్టిలో వేలు గుచ్చి లోతు చూపించాడు. మేమందరం ఆ గుంట చుట్టూ నిలబడి, అంత వాన ఎప్పుడు పడొచ్చో మాట్లాడుకున్నాం.