పదకొండు డబ్బాలు, ఒకటే పేరు

ఆ సందులో అందరికీ ఆమె మిషనక్క. పొద్దస్తమానం స్కూలు యూనిఫారాలు కుట్టడమే పని. సందులోవాళ్ళంతా ఎక్కడినుంచో వలస వచ్చినవాళ్ళు, ఇళ్ళలో వేరే భాష మాట్లాడుకుంటారు. ఆ భాషా, ఆసుపత్రివాళ్ళ భాషా రెండూ వచ్చింది ఆమెకొక్కదానికే. అందుకని టీబీ పరీక్షకు తెమడ డబ్బాలు పంచి పోగుచేసే పని ఆమె మెడకు చుట్టారు.

డబ్బాలు తీసుకున్నారు గానీ పేరడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. ఎలా విప్పుతారు? ఇదివరకోసారి ఎవరో వచ్చి పేర్లు రాసుకెళ్ళారు, నెల తిరక్కుండా సగం ఇళ్ళు ఖాళీ చేయించారు. పాముకాటు తిన్నవాడికి తాడన్నా భయమే.

"మీ అత్తగారికి రేషన్ కార్డుందిగా, ఆవిడ పేరు రాసెయ్" అన్నాడు ఆ సందులోనే ఉండే మంగలి. ఉపాయం భలేగా ఉందనిపించింది మహాతల్లికి. పదకొండు డబ్బాలమీదా అత్తగారి పేరే రాసేసింది. అందులో తన పన్నెండేళ్ళ కూతురిదీ ఒకటి.

నాలుగో రోజు నర్సు ఫోన్ చేసింది. "ఏమ్మా, మీ అత్తగారు పదకొండు సార్లు ఉమ్మారా? ఒకదాంట్లో టీబీ ఉంది. ఎవరిది?"

మిషనక్క గుండె జారిపోయింది. పక్కన గుండీలు కుడుతున్న కూతురు దగ్గింది. రోజూ వినే దగ్గే, ఆ పూట మాత్రం ఫోను పట్టుకునే పిల్లవైపు తిరిగి చూసింది.

"అసలు పేర్లతో మళ్ళీ ఇవ్వండి. ఆ కాగితం మా బీరువా దాటదు. ఎవరిదో తెలియకుండా మందు ఎవరికివ్వను?" అంది నర్సు.

ఆ సాయంత్రమే మిషనక్క పది గడపలూ తొక్కింది. మంగలి తలుపు ఓరగా తీశాడు. "లిస్టులో పేరు పడితే సామాను వీధిన పడుతుంది, మిషనక్కా."

"నాకూ అదే భయం అన్నా. కానీ రోగం ఎవరికుందో తెలీకుండా ఒకే సందులో గాలి పీలుస్తున్నాం. తప్పు రాతలు రాసింది నేను. రేపు ముందు నా పిల్ల పేరు రాయిస్తా, తర్వాత మీ ఇష్టం."

"నా పేరు వాడి వాడి అరగదీశారు, ఇక వదిలెయ్యండర్రా" అంది ఇంట్లో అత్తగారు.

మర్నాడు ఆసుపత్రి వరుసలో కూతురి వెనక మంగలి నిలబడ్డాడు. అతన్ని చూసి మిగతావాళ్ళూ వచ్చారు. ఆ తర్వాత మూడు రోజులూ వీధిలో బండి ఆగినా, ఫోను మోగినా మిషనక్కకు పై ప్రాణాలు పైనే పోయేవి. కుట్టిన కుట్టు వంకరపోతే విప్పడం, మళ్ళీ కుట్టడం.

నర్సు పిలిచి కాగితం చేతికిచ్చింది. అచ్చులో కూతురి పేరు.

"ఆరు నెలలు మానకుండా మందు వేస్తే తగ్గిపోతుందమ్మా."

మిషనక్క గోడకు ఆనుకుంది. మొదటిసారే పేరు సరిగ్గా రాసుంటే ఈపాటికి పిల్లకు మందు పడేది. ఆ సంగతి మింగుడుపడలేదు.

మందుల కిటికీ దగ్గర "ఎవరికి?" అన్నాడు మందులిచ్చే అతను. వెనక జనం బారులు తీరి ఉన్నారు. ఆమె కూతురి పేరు చెప్పింది. అతనికి వినబడకపోతే మళ్ళీ, ఈసారి గట్టిగా చెప్పింది.