పాలిథీన్ పందిరిలో ఉపవాసం

ఆ రోజు తప్పు నాదే. ఇన్నేళ్ళుగా ఎండ మీదికి, ఆకలి మీదికి, చివరికి కీరదోసకాయ మీదికి కూడా నెట్టి చూశాను. ఏదీ ఒప్పుకోలేదు. మా ఊరి రిలే నిరాహార దీక్షను ఒక్క కొరుకుతో ముంచబోయిన మొనగాణ్ణి నేనే. ఎలాగో చెప్తాను, నవ్వుకోండి. మా ఊళ్ళో వాళ్ళు నవ్వడం ఇంకా ఆపలేదు కనక, మీరు కలిసినా నాకు కొత్త నష్టం లేదు.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. మాది కోరుట్ల దగ్గర పల్లె, నాది కూరగాయల సాగు. జగిత్యాలలో రైతుల సభకు పోయినప్పుడు ప్లాస్టిక్ కప్పిన గుండ్రటి పందిరి ఒకటి చూశాను. లోపల వెచ్చగా, తేమగా ఉండి మొక్కలు ఏ కాలమైనా పెరుగుతాయట. చూసి ఊరుకుంటే నేనెందుకవుతాను?

"అది ఉన్నకాడ్నే ఉంటది. నాది నడుస్తది, సూడు" అని మా ఆవిడ సుగుణతో అన్నాను.

నీళ్ళ పైపులను విల్లులా వంచి, అడుగున రెండు ఇనుప గొట్టాలకు బిగించి, పైన అద్దంలాంటి పాలిథీన్ కప్పాను. ఒక మడి మీంచి ఇంకో మడి మీదికి లాక్కుపోవచ్చు. పంట మాత్రం వెనకెందుకుండాలని పాత రంగు డబ్బాల్లో కీర తీగలు పెట్టి, ఆ డబ్బాలను గొట్టాలకే కట్టేశాను. ఇల్లు కదిలితే పంటా కదులుతుంది. ఈ తెలివి నత్తకు పుట్టుకతోనే ఉందని అప్పుడు నాకు తోచలేదు.

తీగలు కట్టుకోవడానికి సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేసే మా బావమరిది ఎర్రటి గుడ్డపీలికలు పంపాడు. తొలి పిందె కనబడగానే సుగుణ దాని తొడిమకు ఒక పీలిక ముడేసింది.

"ఇది కొండగట్టు అంజన్నకు. దీని జోలికి పోతె నీ సంగతి ఆయనే సూస్కుంటడు" అని ఆ కాయను హనుమంతుడికి మొక్కేసింది.

రోడ్డు పక్కన మా ఊరి దీక్షా శిబిరం. రోజూ ఐదుగురు పొద్దున కూర్చుని సాయంత్రం నిమ్మరసం తాగి లేవాలి, మర్నాడు మరో ఐదుగురు కూర్చోవాలి. మొదలుపెట్టిన నాటి నుంచి ఒక్కరోజూ తప్పలేదు. పక్క ఊరి దీక్ష నడుమ ఆగిపోయిందని మావాళ్ళు మీసాలు దువ్వుకుంటూ తిరిగేవాళ్ళు. మాది ఆగితే ఆ మీసాలు గొరిగించుకోవాల్సిందే.

కూరగాయల రైతుల వంతు వచ్చిన రోజే షామియానా జగిత్యాల సభకు పోయింది. శిబిరం పెద్ద రాజయ్య మామ ఎండను చూసి నెత్తి గోక్కున్నాడు. నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు.

"ఫికర్ చెయ్యకు మామా. నా పందిరి నడుసుకుంట వస్తది."

నడవలేదు. డబ్బాలూ తీగలతో సహా పడుచువాళ్ళ భుజాల మీద వచ్చింది. ఎదురొచ్చిన ఆటో అతను బండి ఆపి, దిగి, చేతులు జోడించి, "ఎవలు పోయిండ్రే?" అని మెల్లగా అడిగాడు.

రాజయ్య మామతో కలిపి ఐదుగురం అందులో దీక్షకు కూర్చున్నాం. ఎండెక్కాక అసలు సంగతి బయటపడింది. వేడిని పట్టి ఉంచడమే ఆ పందిరి పని. మొక్కలకు అది వరం, మనుషులకు కుడుముల గిన్నె. మా చెమటే ఆవిరై పైకి పోయి, ప్లాస్టిక్‌కు అంటుకుని, చుక్కలుగా మళ్ళీ మా నెత్తిన పడుతోంది. పక్కలు ఎత్తుదామంటే, గాలికి లేవకుండా బిగించి కట్టిన ఘనుణ్ణి నేనే.

రాజయ్య మామ తువ్వాల పిండుకుంటూ, "అల్లుడా, మమ్ముల ఉపాసం కూసోవెట్టినవా, ఉడకవెట్టినవా?" అన్నాడు.

పాలకూర వేసే జలీల్ భాయ్ నా పక్కనే కూర్చున్నాడు. "రంజాన్‌ల రోజా ఉండుడు నాకు అలవాటే మామా. రోజాల ఆవిరి పట్టుడే కొత్త."

ఇక్కడ మీకో మాట చెప్పాలి. మా కూరగాయల రైతులకో రోగం ఉంది. మడిలో నిలబడితే చెయ్యి ఊరుకోదు. మెంతికూర చివర గిల్లి నోట్లో వేసుకుంటాం, బీరపిందె కొరికి చేదు చూస్తాం. అది తినడం కాదు, తనిఖీ. మధ్యాహ్నం దాటాక నాకు కునుకు పట్టింది. చెవికి ఆకులు తగులుతున్నాయి, ముక్కుకు పచ్చివాసన. మడిలో ఉన్నాననుకున్నాను. చెయ్యి దానంతటదే పోయింది. కరుక్కుమని కొరికాను, నమిలాను, మళ్ళీ కొరికాను. చేదు లేదని తేల్చుకుని తృప్తిగా కళ్ళు తెరిచాను.

రోడ్డంతా నన్నే చూస్తోంది.

షామియానాకైతే బట్ట అడ్డం ఉండేది. నాది అద్దం. నినాదాలిచ్చే వాళ్ళు "జై" దగ్గరే ఆగిపోయారు. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి.

"ఏంది నములుతున్నవ్?" అన్నాడు రాజయ్య మామ.

"ఏం లేదు" అన్నాను. నోరు నిండుగా ఉండి అదీ సరిగ్గా పలకలేదు.

"మరి మీసానికి యాలాడేదేంది?"

తడిమి చూసుకున్నాను. ఎర్ర పీలిక.

ఇక పంచాయితీ మొదలైంది. దీక్ష పోయిందని కొందరు, పక్క ఊరికి తెలిస్తే ఇజ్జత్ పోతుందని కొందరు. జలీల్ భాయే అడ్డం పడ్డాడు.

"మరిసిపోయి తింటె మాకాడ రోజా పోదు మామా."

"ఒక్క కొరుకంటె మరుపు. సగం కాయ ఏడవాయె?"

"మనోనికి మరుపు జర ఎక్కువున్నది."

రాజయ్య మామ చాలాసేపు నవ్వు ఆపుకుని, చివరికి తీర్పు చెప్పాడు. "నలుగురం కూసున్నం గనక ఊరి మాట నిలిసింది. గీ ఐదోడు రేపు మల్ల కూసోవాలె. ఉత్త ఎండల."

కబురందుకుని సుగుణ వచ్చింది. నన్ను చూడలేదు, పీలికను చూసింది. "నాకేం చెప్పకు. కొండకు పోయి ఆయనకే చెప్పుకో" అని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దంతా ఎండలో కూర్చుని నిమ్మరసం దాకా ఉత్త గాలి తప్ప ఏమీ మింగలేదు. తర్వాత పాలిథీన్ ఊడదీసి, బావమరిది తెచ్చిన మందపు గుడ్డ కప్పి పందిరిని శిబిరానికే ఇచ్చేశాను. ఉద్యమం ముగిసేదాకా అది అక్కడే ఉంది, ఒక్క అడుగూ నడవలేదు. నేను మాత్రం ఆ వారంలోనే మిగిలిన కీరలు గంపలో పెట్టుకుని, సుగుణ వెంట కాలినడకన కొండగట్టుకు బయల్దేరాను. కీర కొరకనేల, కొండ ఎక్కనేల!

గుడి మెట్ల దగ్గర ఓ కోతి వచ్చి, గంపలోంచి కీర లాక్కుని, నా కళ్ళలోకి చూస్తూ కరుక్కుమని కొరికింది. అన్ని రోజుల తర్వాత సుగుణ అప్పుడు నవ్వింది.

"సూసినవా, ఆయన గూడ గుడి దాంక ఆగలే."

అక్కడే, ఆ కోతి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట ఉపవాసమంటూ ఉంటే కీర తీగకు వీపు తిప్పి కూర్చుంటాను, అదీ మీసం తీయించుకుని. ఒట్టు గట్టిపడాలని మిగిలిన గంపంతా ఆ కోతుల ముందు బోర్లించాను.