ఆయన నింపిన ట్యాంకు

మా ఆయన పోయాక ఆయన పాత బైకును ఏడాదిపాటు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. చివరికి నేనే నడుపుదామని ఆళ్లగడ్డలో తెలిసిన మెకానిక్ దగ్గరికి తోసుకెళ్లాను.

"ఇప్పుడు పెట్రోల్లో ఇథనాల్ కలుపుతాండారక్కా. నీ ఫిల్టర్ లోపల ఉబ్బి మూసుకపోయింది. దాన్ని తట్టుకునేది నంద్యాలలో దొరుకుతాది, తెచ్చుకో" అన్నాడు.

నంద్యాలలో మూడు షాపులు తిరిగి, ఇథనాల్‌కు పనికొస్తుందని అట్టమీద రాసి ఉన్నదే కొన్నాను. తిరిగొచ్చేసరికి ట్యాంకు కడిగి ఎండలో పెట్టి ఉంది.

"ఇందులో పెట్రోలు ఏదప్పా?"

"నీళ్లు చేరి చెడిపోయింటే ఆడ పారబోసినాలేక్కా."

మర్నాడు నన్ను కొలిమిగుండ్లలో మా అమ్మ దగ్గరికి తీసుకెళ్లాలని ఆయన నింపించుకొచ్చిన పెట్రోలు అది. ఆ సాయంత్రమే ఆయనకు గుండెపోటు వచ్చింది. నలుగురూ చూస్తున్నా సిగ్గు లేకుండా ఆ తడిమట్టి పక్కన కూలబడి ఏడ్చాను.

మెకానిక్ పాత ఫిల్టర్‌కు రెండు వైపులా రబ్బరు బిరడాలు బిగించి నా చేతిలో పెట్టాడు. "ఇందులో రోంత మిగిలిందక్కా."

ఆ కాస్త పెట్రోలు కూడా ఎప్పుడో ఆవిరైపోయింది. బండి బాగానే నడుస్తోంది. కొలిమిగుండ్లకు మాత్రం ఇప్పటికీ బస్సులోనే వెళ్తున్నాను.