మంచు కింద పచ్చి గుంజ

బీవర్ అంటే మన పందికొక్కుకి అన్నయ్య. అంతకన్నా బాగా చెప్పడం నాకు చేతకాదు. పదో తరగతి తప్పి స్కూటర్ మెకానిక్ షాపులో చేరినవాణ్ణి, జంతుశాస్త్రం నాదాకా రాలేదు. పందికొక్కుని నీళ్ళలో పెంచి, బొచ్చుకోటు తొడిగి, తోకకి బదులు అట్లకాడ అతికిస్తే బీవర్. పళ్ళు మాత్రం జర్దాకిళ్ళీ వాడివి. ముందుకాళ్ళు కాళ్ళు కావు, చేతులు. అయిదు వేళ్ళుంటాయి. కర్రని మనం మొక్కజొన్నపొత్తు పట్టుకున్నట్టే పట్టుకుని తిప్పుకుంటూ తింటుంది.

మేముండేది మిన్నెసోటాలో ఉత్తరాన ఒక చిన్న ఊరు. నా భార్య అక్కడి ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేస్తుంది. హెచ్-1బి ఆవిడది, హెచ్-4 నాది. అంటే ఈ దేశంలో నాకు తినే హక్కుంది, సంపాదించే హక్కు లేదు. ఆష్‌బర్న్‌లో ఉండే మా బావమరిది ఫోన్ చేసినప్పుడల్లా "బావా, ఏం చేస్తున్నావ్?" అని అడిగి, నేను నోరు తెరవకముందే నవ్వేవాడు. మొదటి చలికాలమంతా అంట్లు తోమాను. రెండో చలికాలం లైసెన్సు తీసుకుని బీవర్లను చంపాను. జీతం లేకుండా చంపుతానంటే ఏ వీసా అడ్డం రాదు.

ఇందులోకి దింపింది పక్కింటి పెద్దాయన. డెబ్బై దాటిన మనిషి, ఒంటరి. నేను ఆయన్ని "మామా" అనేవాణ్ణి. మావైపు ఆటపట్టించాలనుకున్న ప్రతివాడూ మామే. అర్థమేంటని అడిగితే చెప్పాను.

"నీకివ్వడానికి నాకు కూతురు లేదే," అన్నాడు.

"ఉన్న ఒక్కత్తితోనే వేగలేకపోతున్నా మామా, వద్దు," అన్నాను.

మా మాటలన్నీ ఇంగ్లీషులోనే. నా ఇంగ్లీషు ఉన్నదున్నట్టు రాస్తే అసలు కథ వదిలేసి దాన్నే చదువుకుంటారు గనక తెలుగులో రాస్తున్నాను.

ఒకరోజు ఆయన మంచు తోసే మిషన్ ఆగిపోతే వెళ్ళి బాగుచేశాను. ఆయన మిషన్ వైపు చూడలేదు, నా చేతుల వైపే చూశాడు. లోపల్నుంచి జంతువు కాలు పట్టే ఇనుప ట్రాప్ ఒకటి తెచ్చి బల్లమీద పెట్టాడు. రెండు దవడలు, వాటికి అటొకటి ఇటొకటి పెద్ద స్ప్రింగులు. "ఇది నొక్కు," అన్నాడు. క్లచ్ స్ప్రింగులు నొక్కిన చేతులు నావి. నొక్కాను, దవడలు తెరుచుకున్నాయి. అప్పుడాయన గ్లోవ్స్ తీశాడు. వేళ్ళు కీళ్ళదగ్గర వాచి, తలో దిక్కుకీ తిరిగి ఉన్నాయి.

"మామా, అల్లం కొమ్ముల్లా ఉన్నాయి. ఒకటి విరిస్తే టీలో వేసుకోవచ్చు," అన్నాను.

నవ్వాడు. నవ్వాడని నేను అనుకున్నాను.

విషయం ఇది. ఊరిబయట చెరువు పక్కన మట్టిరోడ్డుంది. దానికింద తూముని బీవర్లు కట్టెలతో, బురదతో బిగించేశాయి. మంచు కరిగితే నీళ్ళు రోడ్డు మీదికొస్తాయి. రోడ్ల పని చూసే మనిషి, నేను పెట్టిన పేరు రోడ్డాయన, చెప్పేశాడు. ఎండలు ముదిరేలోపు చెరువులో ఒక్క బీవర్ ఉండకూడదు. ఉంటే ఆ చెరువూ, చుట్టుపక్కల వాగులూ వేరే కుర్రాడికి అప్పజెబుతాడు. నలభై ఏళ్ళుగా ఆ నీళ్ళన్నింట్లో ట్రాపులు పెద్దాయనవే.

"చెరువు పోతే పొద్దున్నే బూట్లు తొడుక్కోవడానికి నాకు కారణం ఉండదు," అన్నాడు. "నా చేతుల సంగతి ఆ రోడ్లవాడికి తెలియకూడదు. వాడి ముందు నువ్వు గడ్డపార మోసేవాడివి, అంతే. జోకులు వద్దు."

"నోరు కుట్టేసుకుంటా మామా."

"నేను సూది పట్టుకోలేను. నువ్వే కుట్టుకో."

పని ఇలా ఉండేది. చెరువు మధ్యలో బీవర్ల గూడు, మంచు కప్పిన కట్టెలగుట్ట. దాని తలుపు నీళ్ళ అడుగున, లోపలి గది మాత్రం నీళ్ళపైన పొడిగా ఉంటుంది. పక్కనే చలికాలానికి దాచుకున్న కొమ్మలు. గూటి నుంచి కొమ్మలదాకా ఈదే దారిలో అవి వదిలిన ఊపిరి బుడగలై మంచు అడుగున తెల్లగా అంటుకుంటుంది. ఆ బుడగల వరస పట్టుకుని గడ్డపారతో గుంట తవ్వాలి. గుంజకి పీట కొట్టి దానిమీద ట్రాప్ తెరిచిపెట్టాలి, గొలుసు గుంజకే కట్టాలి. పైన ఎరగా, బీవర్లు ఇష్టపడే పాప్లార్ చెట్టు పచ్చికొమ్మ కొట్టి నీళ్ళలోకి దింపాలి. నెలల తరబడి నానిన బెరడే తింటున్న బీవర్ అది. రోజూ ఊరగాయే తిన్నవాడికి తాలింపు వాసన తగిలితే ఆగుతాడా? వస్తుంది. కాలు పడుతుంది. పైకి పోదామంటే మంచు, ఇంటికి పోదామంటే గొలుసు. అక్కడే ఊపిరాగి చస్తుంది.

గుంజ మాత్రం ఎండుదై ఉండాలి. పెద్దాయన ఈ మాట రోజూ చెప్పేవాడు. రోజూ చెప్పేది నేను ఎన్నడూ వినలేదు, బడిలో కూడా.

మొదటిదాన్ని పైకి లాగినప్పుడు దాని చేతిని పట్టుకుని ఊపి, "నమస్కారం సార్, క్షేమమేనా?" అన్నాను. పెద్దాయన పడీపడీ నవ్వాడు. అలా నాలుగింటిని తీశాం. నేను నొక్కేవాణ్ణి, ఆయన చూపించేవాడు. పని అయ్యాక నేను ముందు పరుగెత్తి పికప్ తలుపు తెరిచి, మినిస్టరుకి డ్రైవరు కొట్టినట్టు సెల్యూట్ కొట్టేవాణ్ణి. ఆ తలుపు పిడి ఆయన వేళ్ళకి లొంగదు. నా సెల్యూట్ ఉంది గనక అది సాయంలా కనబడేది కాదు.

ఇంట్లో నా భార్య గొడవ వేరు. "ఏమయ్యా, మళ్ళీ ఆ రక్తం గ్లోవ్స్ డ్రయర్‌లో వేశావా? నా ఆస్పత్రి బట్టలన్నీ వాసన కొడుతున్నాయి."

"డాక్టరమ్మా, నువ్వు రోజంతా బ్లడ్ శాంపిల్సేగా చూస్తావ్."

"నేను అడిగి తీసుకుంటా. నువ్వు అడిగావా వాటిని?"

గూట్లో ఇంక ఒక్కటే మిగిలిందని పెద్దాయన లెక్క. దాన్ని పట్టాల్సిన రోజు చలికి ఆయన వేళ్ళు మరీ బిగుసుకుపోయాయి. పికప్‌లో హీటర్ ముందు చేతులు పెట్టుకుని, "వెళ్ళు, నువ్వే దింపిరా," అన్నాడు. తీరా చూస్తే తెచ్చిన ఎండుగుంజలో బద్ద చీలి ఉంది. పికప్ దాకా వెళ్ళి ఇంకోటి తేవచ్చు, నాలుగడుగులు. గట్టున పాప్లార్ మొక్క ఉంది, మణికట్టంత లావు. మా ఊళ్ళో పందిరికైనా, నిచ్చెనకైనా పచ్చి కర్రనే నమ్ముతాం. ఎండుది విరుగుతుంది, పచ్చిది ఓర్చుకుంటుంది. నరికి, ట్రాప్ కట్టి, దింపేసి వచ్చాను.

"ఎండుదేనా?"

"మామా, ఎముకంత ఎండుది," అన్నాను. అంత చిన్నదానికి అబద్ధం ఎందుకు చెప్పానో ఇప్పటికీ తెలియదు.

రెండు రోజులకి వెళ్ళాం. ఆ పొద్దున రోడ్డాయన కూడా వచ్చి గట్టున కాఫీ తాగుతున్నాడు. గుంట పగలగొట్టి గుంజ లాగితే సగమే వచ్చింది. చివర పెన్సిల్ చెక్కినట్టు చెక్కి ఉంది. ట్రాప్ లేదు, గొలుసు లేదు. బీవర్ తినే కర్రకే దాని కాలు కట్టాను. అది ఊపిరి ఆగేలోపే కర్ర కొరుక్కుని, ట్రాప్‌తో సహా వెళ్ళిపోయింది.

పెద్దాయన గూటి మీదికి నడిచి నిలబడ్డాడు. మేమూ వెళ్ళాం. కిందనుంచి వినబడింది. టింగ్. కాస్సేపాగి మళ్ళీ టింగ్. లోపల అది కదిలినప్పుడల్లా గొలుసు కట్టెలకి తగులుతోంది. రెండు రోజులుగా కదులుతోందన్నమాట.

రోడ్డాయన గుంజ ముక్క తీసుకుని గోటితో బెరడు గీశాడు. పచ్చగా వచ్చింది. "ఎవరు పెట్టారిది?"

నేను నోరు తెరిచాను. పెద్దాయన నావైపు ఒక్కసారి చూశాడు. నేను పెట్టానంటే, ట్రాపులు నేనెందుకు పెడుతున్నానని తర్వాతి ప్రశ్న వస్తుంది.

"నేనే," అన్నాడు.

"నువ్వా? పచ్చి గుంజా?"

"పొరపాటు పడ్డాను."

రోడ్డాయన మా సామానులోంచి ఇంకో ట్రాప్ తీసి ఆయన ముందు మంచుమీద పడేశాడు. గొంతు పెంచలేదు. "ఇది పెట్టి చూపించు."

పెద్దాయన గ్లోవ్స్ తీశాడు. మోకాళ్ళమీద కూర్చుని అరచేతులు స్ప్రింగుల మీద ఆనించి బరువంతా వేశాడు. దవడలు వేలెడు తెరుచుకుని మళ్ళీ మూసుకున్నాయి. మళ్ళీ నొక్కాడు. ట్రాప్ జారి దూరంగా పోయింది. మోకాళ్ళమీదే పాకుతూ వెళ్ళి తెచ్చుకున్నాడు. అలాంటి నిశ్శబ్దాన్ని భరించడం నాకు పుట్టుక నుంచీ రాదు.

"వదిలెయ్ మామా, అల్లం దంచడానికి అది రోలు కాదు," అన్నాను.

రోడ్డాయనకి అల్లం సంగతి తెలియదు. కానీ నా మాట విని ఆ వేళ్ళ వైపు చూశాడు, పోలిక కుదిరింది. పెద్దగా నవ్వాడు. నవ్వుతూనే ఆగిపోయి, "ఎన్నాళ్ళ నుంచి ఇలా?" అని అడిగాడు. పెద్దాయన గ్లోవ్స్ కోసం మంచుమీద తడిమాడు. "సోమవారం నుంచి ఆ కుర్రాడొస్తాడు. నీ సామాను తీసేసుకో," అని రోడ్డాయన కాఫీకప్పు పట్టుకుని వెళ్ళిపోయాడు.

మేమూ వెళ్ళిపోతామనుకున్నాను. పెద్దాయన గూటి పక్కన ఒకచోట మడమతో కొట్టి, "ఇక్కడ తవ్వు. తలుపు ఇక్కడుంటుంది," అన్నాడు.

"చెరువు మనది కాదుగా మామా ఇంక."

"ట్రాప్ పెట్టింది నువ్వు. తవ్వు."

తవ్వాను. కొక్కెం ఉన్న పొడుగు కర్ర నీళ్ళలోకి దింపి ఆయన చెప్పిన వైపు వెతికాను. మూడోసారి గొలుసు తగిలింది. లాగాను. అవతలి వైపు నుంచి కూడా లాగింది. చివరికి వచ్చింది. వెనకకాలు ట్రాప్‌లో ఉంది, కాలు ఎముకదాకా ఒరుసుకుపోయింది. పైకి రాగానే రెండు చేతులూ గుంట అంచుమీద పెట్టి, మెట్లబావిలో ఈది అలసినవాడు ఆగినట్టు ఆగింది. పది వేళ్ళూ కనబడుతున్నాయి. నావైపు చూడలేదు. గాలి పీల్చుకుంటోంది.

"గొడ్డలి వెనకవైపుతో," అన్నాడు పెద్దాయన.

మొదటి దెబ్బ సరిగ్గా పడలేదు. బీవర్ చేతులు అంచు వదల్లేదు. రెండోదానికీ అంతే. మూడోదానికి వదిలింది.

ఆయన నా మొహంలోకి వంగి చూశాడు. "ఇప్పుడు వెయ్యి," అన్నాడు. "జోకు."

స్ప్రింగులు నొక్కి కాలు విడిపించాను. ఆయన ట్రాపులన్నీ గొలుసులు పట్టి ముంజేతికి తగిలించుకుని గట్టువైపు నడిచాడు. నేను బీవర్‌ని ఈడ్చుకుంటూ వెనకే పరుగెత్తి పికప్ తలుపు దగ్గరికి చేరాను.

"ముట్టుకోకు," అన్నాడు.

రెండు మణికట్లూ పిడి కింద పెట్టి పైకి ఎత్తాడు. జారింది. మళ్ళీ పెట్టాడు. నేను చేతులు జేబుల్లో పెట్టుకుని, కాళ్ళ దగ్గర బీవర్‌తో, అక్కడే నిలబడ్డాను. తలుపు తెరుచుకునేసరికి చాలాసేపు పట్టింది. ఎక్కి, అరచేతులతో స్టీరింగు తిప్పుకుంటూ, నన్ను వదిలేసి వెళ్ళిపోయాడు.