నాన్న దగ్గు, అమ్మ స్లామ్

మా చిన్నప్పుడు నాన్నకు దగ్గు ఆదివారం మాత్రమే వచ్చేది... అదీ పేకముక్కలు పరిచినప్పుడే!

మూకండపల్లి ఫ్యాక్టరీలో తోటివాళ్ల దగ్గర బ్రిడ్జి నేర్చుకొచ్చి మా అందరికీ అంటించాడు. అమ్మా నాన్నా ఒక జట్టు, చిన్నాయనా నేనూ ఇంకో జట్టు. ఇంట్లో ఉన్నదే నలుగురం... ఒక్కరు లేచినా ఆట లేదు. షిఫ్టుల మధ్య నాన్న మాతో కూర్చునేది ఆ ఒక్క పూటే. చాప మడుస్తుంటే నాకు ఏడుపొచ్చేది.

బ్రిడ్జిలో ముందు పాట... ఎన్ని పట్లు పడతామో, అంటే ఎన్ని రౌండ్లు గెలుస్తామో పాడాలి. పాడిన మనిషి ఆడుతుంటే, జతగాడు తన ముక్కలన్నీ చాపమీద పరిచి నోరు మూసుకోవాలి. ఆ ఒక్కటే మా నాన్నకు చేతకాదు. మాట్లాడకూడదు కదా, అందుకని దగ్గేవాడు! ఒక దగ్గయితే పెద్ద ముక్క వెయ్యమని, రెండయితే చిన్నది. ఆ దగ్గుల్ని నమ్మి అమ్మ ఎన్నిసార్లు మునిగిందో...

ఒక ఆదివారం అమ్మ భయంభయంగా ఒక ఇస్పేటు పాడింది. నాన్న ఆగొద్దూ? ఏకంగా ఆరు ఇస్పేట్లకు ఎక్కించేశాడు. స్లామ్! పాడిన అంకెకు ఇంకో ఆరు కలుపుకోవాలి కాబట్టి, పదమూడు పట్లలో పన్నెండు రావాలి. ఇస్పేటు ముందు పాడింది అమ్మ కాబట్టి ఆడాల్సిందీ అమ్మే.

"ఏమయ్యా, ఎక్కించేది నువ్వు, మోసేది నేనా? ఇది పోయిందంటే నేనింక చీట్లు ముట్టేది లేదు. ఆడ నీ ఫ్యాక్టరీ వాళ్లతోనే ఆడుకో, పో!"

అమ్మ అన్నదంటే అన్నదే. పైగా మొదటి పట్టు నా డైమన్ ఆసుకే వచ్చింది. ఇంకొక్కటి పోతే మా ఆదివారాలే పోతాయి.

చిక్కంతా ఇస్పేటు రాణితోనే. అది నా చేతిలో ఉంది... అమ్మకు తెలియదు. అమ్మ ఇస్పేటు జాకీ వేసింది, నేను చిన్నముక్క వేశాను. ఇప్పుడు నాన్న పరిచినవాటిలోంచి రాజు వెయ్యాలా, చిన్నది వెయ్యాలా? రాజు వేస్తే తర్వాత నా రాణికి ఒక పట్టు ఖాయం.

అంతలో... ఖళ్! ఒకే ఒక్క దగ్గు.

అమ్మ నాన్నను ఓ చూపు చూసింది. తాపీగా చిన్నముక్క తీసి వేసింది. చిన్నాయన దగ్గర రాణి లేదు, పట్టు జాకీకే వచ్చింది. ఆ తర్వాత నా రాణి కూడా రాజు, ఆసుల కింద పడి పోయింది. పన్నెండూ అమ్మవే!

"రాణి యాడుందో ఎట్ల కనిపెట్టినావు వదినమ్మా?" అన్నాడు చిన్నాయన.

"నేను దగ్గినాను కదప్పా!" అన్నాడు నాన్న, సిగ్గు లేకుండా.

"అవునప్పా... ఆయన దగ్గినాడు కాబట్టే రాజు ఎయ్యలేదు" అంది అమ్మ.

చిన్నాయన ఇప్పుడు బర్గూరులో ఉంటాడు. నేను బెంగళూరులో, సగం రోజు బస్సుల్లోనే ఉంటాను. నలుగురం చాపమీద కూర్చుని ఎన్నేళ్లయిందో... నాన్న ఫోనులో బ్రిడ్జి ఆడుతున్నాడు, జతగాడు కంప్యూటరట. మొన్న ఇంటికి పోతే, దానికీ దగ్గుతున్నాడు! అమ్మ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, నాన్న వేలు పెట్టబోయిన ముక్క కాకుండా ఇంకోటి నొక్కి పోయింది. ఆట గెలిచింది. నాన్న నావైపు తిరిగి ఏమన్నాడో మీకు తెలుసు.

చిరాకే... కానీ ఆ చిరాకు కోసమైనా ఇంకొక్క ఆదివారం నలుగురం కూర్చుంటే బాగుండు. మీ ఇంట్లోనూ ఇలా సైగలతో ప్రాణం తీసిన జతగాళ్లున్నారా? చెప్పండి... మా అమ్మకు చదివి వినిపిస్తాను.