కెమెరా సంచిలో పూతరేకులు

బుజ్జీ, మొన్న సెలవులకి వచ్చినప్పుడు అడిగావు గుర్తుందా, "అమ్మమ్మా, నాన్న కెమెరా బ్యాగు కాస్త పట్టుకోమంటే అందులో పామున్నట్టు వెనక్కి జరిగావేంటి?" అని. పొయ్యి మీద పాలున్నాయని చెప్పి వంటింట్లోకి తప్పించుకున్నాను. పాలూ లేవు, పొయ్యీ వెలగలేదు. ఇప్పుడు మీరు బెంగుళూరులో, నేను పాలకొల్లులో. ఇంత దూరంలో మీరు ఎంత నవ్వినా నాకు పెద్దగా వినపడదు కాబట్టి చెప్పేస్తాను. తమ్ముణ్ణి కూడా పిలువు. ఒకే ఒక్క సంచితో మీ అమ్మమ్మ చేసిన నాశనం గోదారి వరద కూడా చేసి ఉండదు.

మీ అమ్మానాన్నల పెళ్ళైన కొత్త. ఇప్పుడంటే మీ నాన్న మా ఇంటికొచ్చి లుంగీ కట్టుకుని, పెరుగు గిన్నె వేలితో నాకేస్తున్నాడు గానీ, అప్పుడు ఆయన తుమ్మితే ఇంటిల్లిపాదీ లేచి నిలబడేవాళ్ళం. కూరలో ఉప్పు ఎక్కువైతే అలుగుతాడేమో, తక్కువైతే అలుగుతాడేమో, సరిపోతే వంక దొరకలేదని అలుగుతాడేమో! నాకు నిద్ర పట్టేది కాదు. ఆయనకేమో ఫోటోల పిచ్చి. మీ అమ్మ మెళ్ళో మంగళసూత్రం ఎలా ఉండేదో, మీ నాన్న మెళ్ళో కెమెరా అలా ఉండేది. స్నానానికి మాత్రం తీసేవాడు.

ఆయన సెలవు అయిపోవస్తోంది. ఊరెళ్ళేలోపు జంటగా అన్నవరం కొండ మీద వ్రతం చేయించాలనుకున్నాం. అంతలో శ్రీకాకుళం నుంచి మీ తాతమ్మ, అంటే మీ నాన్నకి నాయనమ్మ, ఫోన్ చేసింది. ఆవిడ తుంటి ఎముక విరిగి పెళ్ళికి రాలేకపోయింది.

"ఒరే, నీ పెళ్ళాం మొహం నేనింతవరకు చూళ్ళేదు. పెళ్ళి ఆల్బం ఎప్పుడిస్తాడో ఆ ఫోటోలాయనకే తెలీదు. కొండ మీద కొంగుముడితో నిలబడి ఒక ఫోటో తీయించుకో. నా మంచానికి ఎదురుగా గోడకి పెట్టించు. నా కళ్ళకి ఆనేంత పెద్దది!"

"అలాగే నాయనమ్మా, గోడంత తీయిస్తాను," అని మాటిచ్చాడు మీ నాన్న.

ఇక్కడిదాకా నా తప్పేం లేదు. నా తప్పు పూతరేకుల దగ్గర మొదలైంది.

నిశ్చితార్థానికి మేం అనకాపల్లికి పూతరేకులు పట్టుకెళ్ళాం. దారిలో డబ్బా కుదుపులకి అన్నీ నలిగిపోయాయి. మీ నాయనమ్మ డబ్బా మూత తీసి, అంతమంది ముందు నవ్వుతూ, "వదినగారూ, మీ పూతరేకుల పొడి భలే కమ్మగా ఉందండీ. పాలల్లో కలుపుకుని తాగేస్తాం," అంది. ఈ మాట నేను మీతో చెప్పినట్టు ఆవిడకి చెప్పకండి. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నా నవ్వు మాత్రం ఇంటికొచ్చేదాకా గొంతులోనే ఉండిపోయింది. అన్నవరానికి మీ నాయనమ్మ అనకాపల్లి నుంచి నేరుగా వస్తానంది. ఈసారి ఒక్క పొర కూడా చిట్లని పూతరేకులు ఆవిడ చేతిలో పెట్టాలి. లేదంటే నేను గోదావరి జిల్లాలో పుట్టడమే దండగ!

ప్రయాణానికి ముందురోజు సాయంత్రం ఆత్రేయపురం నుంచి పూతరేకులు వచ్చాయి. దేంట్లో పెట్టాలి? స్టీలు డబ్బా మోసం చేసింది. అట్టపెట్టె మీద నమ్మకం లేదు. అలా వెతుకుతుంటే కుర్చీ మీద మీ నాన్న నల్ల సంచి, జిప్పు తీసి ఉంది. లోపల ఎంత ముచ్చటగా ఉందనుకున్నారు! మెత్తటి స్పాంజి గోడలు, చిన్న చిన్న గదులు, ఒక్కో గదీ పూతరేకు కొలత తీసి కుట్టినట్టుంది. లోపల ఏవో వైర్లు, నల్ల చెంబులాంటిదొకటి, బిస్కెట్టంత ముక్కొకటి ఉన్నాయి. కెమెరా ఎలాగూ ఆయన మెళ్ళోనే ఉంది, ఇంక ఈ సామానుతో పనేంటి అనుకున్నాను. శుభ్రంగా కొంగుతో తుడిచి, తువ్వాల్లో చుట్టి, బియ్యం డ్రమ్ములో పెట్టేశాను. మా ఇంట్లో అంతకంటే భద్రమైన చోటు లేదు మరి. పూతరేకుల్ని కాగితాల్లో చుట్టి, ఉయ్యాల్లో పిల్లల్ని పడుకోబెట్టినట్టు ఒక్కో గదిలో ఒక్కోటి పెట్టి, జిప్పు వేసి, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. ఆ తర్వాత చాలా రోజులు నాకు అంత నిద్ర పట్టలేదు.

పొద్దున్నే రైలెక్కాం. "సంచి నా దగ్గరుంటుంది బాబూ, మీరు సుఖంగా కూర్చోండి," అని వొళ్ళో పెట్టుకున్నాను. మా అత్తగారికి నా మీద ఎంత ప్రేమో అనుకుని ఉంటాడు పాపం.

నిడదవోలులో రైలు మారాలి. ప్లాట్‌ఫాం మీద మీ నాన్న ఇడ్లీ బండిని తీశాడు, బెంచీ మీద పడుకున్న కుక్కని తీశాడు, కుక్కని చూస్తున్న మీ తాతయ్యని తీశాడు. తీసి తీసి కెమెరా వెనక చూసుకుని అన్నాడు.

"అత్తయ్యగారూ, చార్జింగ్ అయిపోవస్తోందండి."

"అయ్యో, మరెలా బాబూ?"

"పర్లేదండి. ఇంకో బ్యాటరీ మీ వొళ్ళోనే ఉందిగా. పెద్ద లెన్సు కూడా అందులోనే ఉంది."

నా వొళ్ళో ఏముందో నాకు తెలుసు. మెల్లగా మీ తాతయ్య పక్కకి జరిగాను.

"ఏవండీ, బ్యాటరీ ఎలా ఉంటుందండీ?"

"నల్లగా, బిస్కెట్టులా ఉంటుంది. ఎందుకూ?"

"ఊరికే."

"నువ్వు ఊరికే అడిగినవేవీ ఊరికే పోలేదే ఇంతవరకు," అని ఆయన నావైపు అనుమానంగా చూశారు.

వెనక్కెళ్ళి తెద్దామంటే వ్రతం వేళ దాటిపోతుంది. నిజం చెబుదామంటే కొత్తల్లుడు. తెల్లారితే ఆయన బెంగుళూరు రైలెక్కేస్తాడు. అక్కడ తాతమ్మ గోడకి మేకు కూడా కొట్టించేసిందట. ఒక్కటే దారి కనపడింది. కెమెరాలో మిగిలిన ఆ కాస్త చార్జింగూ కొండ ఎక్కేదాకా కాపాడాలి. అంటే మీ నాన్న చేత ఫోటోలు తీయించకూడదు. మీ నాన్నని! గోదారి వంతెన మీద!

కొవ్వూరు దాటగానే ఆయన తలుపు దగ్గరికి వెళ్ళాడు. సంచి పట్టుకుని వెనకే వెళ్ళాను.

"బాబూ, గోదారిని ఫోటో తీయకూడదంటారండీ."

"ఎవరంటారండి?"

"పెద్దవాళ్ళు."

"ఎందుకండి?"

"పొద్దున్నే కదా బాబూ... గోదారమ్మకి నచ్చదు."

మీ అమ్మ వెనకనుంచి, "అమ్మా! నేను పుట్టి బుద్ధెరిగాక ఈ మాట ఎప్పుడూ వినలేదే!" అంది.

"ఇప్పుడు విన్నావుగా, నోర్మూసుకో."

మీ నాన్న నవ్వి కెమెరా ఎత్తాడు. టిక్కు. టిక్కు. టిక్కు. ఒక్కో టిక్కుకీ నా ఆయుష్షులో ఒక్కో నెల తగ్గింది. పెట్టెలో ఆడవాళ్ళంతా గోదారిలో డబ్బులేసి, పిల్లాపాపలు చల్లగా ఉండాలని మొక్కుకుంటున్నారు. నేనూ ఒక రూపాయి విసిరి, "తల్లీ, ఆ బ్యాటరీ చల్లగా ఉండాలి," అని మొక్కుకున్నాను.

రాజమండ్రి దాటాక ఇంకో గండం. పొలాల్లో కొంగలు కనపడ్డాయి.

"అత్తయ్యగారూ, సంచి ఒకసారి ఇస్తారా? పెద్ద లెన్సు పెట్టి ఆ కొంగల్ని తీద్దాం."

"కొంగలకేం బాబూ, మన చేలో బోలెడున్నాయి. రేపు చూపిస్తాను."

"రేపు నేను బెంగుళూరు వెళ్ళిపోతానండి."

"అయితే పార్సిల్ చేయిస్తాను."

కొంగల్ని పార్సిల్ చేయించే అత్తగారితో ఏం మాట్లాడాలో ఏ అల్లుడికి తెలుస్తుంది? "ఉంచండి, మీ దగ్గరే భద్రంగా ఉంది," అని మీ నాన్న కూర్చున్నాడు.

భయపడీ భయపడీ అలిసిపోయానేమో, సామర్లకోట దాటాక కునుకు పట్టింది. మెలకువ వచ్చేసరికి అన్నవరం వచ్చేస్తోంది. సంచి నా వొళ్ళోంచి పక్క సీట్లోకి జారి ఉంది. మీ తాతయ్య, నాన్న, అమ్మ ముగ్గురూ బడిపిల్లల్లా బుద్ధిగా కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. నేను చప్పున సంచి లాక్కుని గుండెలకి హత్తుకున్నాను.

కొండ మీద మీ నాయనమ్మ మాకంటే ముందే వచ్చి కూర్చుంది. కుశల ప్రశ్నలయ్యాయి. ఆవిడ చూపు నా చేతుల మీదికి దిగింది.

"వదినగారూ, ఈసారి ఉత్తి చేతులతో వచ్చారా? పొడైనా తెస్తారేమోనని గ్లాసుడు పాలు తాగకుండా ఉంచుకుని వచ్చానండీ!"

నా బాధ ఎవరితో చెప్పుకోను? నలగని పూతరేకులు నా చంకలోనే ఉన్నాయి. తీసి ఇస్తే నా పరువు నిలబడుతుంది, బ్యాటరీ లేదని తెలిసి అల్లుడు అలిగితే తాతమ్మ ఫోటో పోతుంది. తీయకపోతే ఫోటోకి ఆశ ఉంటుంది, నా పరువు పోతుంది.

"ఆ సంచిలో ఏముందండీ, అంత గట్టిగా పట్టుకున్నారు?"

"ఏం లేదండీ, వైర్లు," అన్నాను.

వ్రతం మొదలైంది. పంతులుగారు కథ చదువుతున్నారు. పడవ నిండా సొమ్ము పెట్టుకున్న వర్తకుణ్ణి, లోపల ఏముందని అడిగితే, ఆకులూ అలములూ అని అబద్ధం చెబుతాడు కదా, వెంటనే సొమ్మంతా ఆకులైపోతుంది కదా, సరిగ్గా ఆ ఘట్టం! చిన్నప్పట్నుంచి ఎన్నిసార్లు విన్నానో ఆ కథ. ఎప్పుడూ వర్తకుడి మీద కోపమొచ్చేది. ఆ రోజు మాత్రం ఆయన పక్కనే పడవలో కూర్చున్నట్టుంది. సంచి మీద చెయ్యేసి చూశాను. లోపల పూతరేకులే ఉన్నాయా, వైర్లైపోయాయా? "స్వామీ, తప్పైపోయింది, పూతరేకుల్ని పూతరేకుల్లాగే ఉంచు," అని లెంపలేసుకున్నాను. పంతులుగారు నా భక్తి చూసి మురిసిపోయి నాకు ప్రసాదం కాస్త ఎక్కువ పెట్టారు.

బయటికొచ్చాం. మీ అమ్మానాన్నలు పట్టుబట్టలతో, కొంగుముడితో నిలబడ్డారు. మీ నాన్న ఫోటోలో ఉండాలి కాబట్టి కెమెరా మీ తాతయ్య చేతికొచ్చింది. టీవీ రిమోట్లో చానల్ మార్చమంటే సౌండు పెంచే మనిషి ఆయన.

"ఇక్కడ నొక్కితే చాలండి మామయ్యగారూ. కానీ వెనక ఎర్ర లైటు కొట్టుకుంటోంది. ఎందుకైనా మంచిది, బ్యాటరీ మార్చేద్దాం. అత్తయ్యగారూ, సంచి ఇలా ఇవ్వండి."

"వద్దు బాబూ! అలాగే తీసేయమనండి!"

"అర నిమిషం పనండి," అని ఆయన చెయ్యి చాపి సంచి పట్టీ పట్టుకున్నాడు. నేను వదల్లేదు. ఆయన అటు లాగాడు, నేను ఇటు లాగాను. లాగుతూ లాగుతూ ఆ కొంగుముడి మీదుగా సరిగ్గా వాళ్ళిద్దరి మధ్యలోకి వచ్చి పడ్డాను.

టిక్కు.

"తీసేశానర్రా!" అన్నారు మీ తాతయ్య గర్వంగా. కెమెరా చీ అన్నట్టు ఒక శబ్దం చేసి కళ్ళు మూసింది.

మీ నాన్న సంచి తీసుకుని జిప్పు లాగాడు. అందరూ వంగి చూశారు. గదికొకటి చొప్పున తెల్లటి కాగితాల్లో పూతరేకులు పడుకుని ఉన్నాయి. పక్కన గుళ్ళో గంట కొట్టారు.

"అత్తయ్యగారూ, నా లెన్సు?"

"బియ్యం డ్రమ్ములో ఉంది బాబూ."

ఆయన నీరసంగా, "కడిగారా?" అన్నాడు.

"లేదు బాబూ, కొంగుతో తుడిచానంతే!"

అలిగేశాడనే అనుకున్నాను. ఇంతలో మీ నాయనమ్మ చెయ్యి సంచిలోకి వెళ్ళింది. ఒక పూతరేకు తీసి, అటూ ఇటూ తిప్పి, ఎండకి పెట్టి చూసింది. "వదినగారూ! ఒక్క పొర కూడా చిట్లలేదండీ!" అని కేక పెట్టింది. ఆ కేకకి మీ నాన్న నవ్వడం మొదలుపెట్టాడు. మెట్ల మీద కూలబడి మరీ నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. అది సంతోషమో భయమో నాకే తెలీలేదు.

తర్వాత ఫోన్లో నాలుగు తీశారు గానీ, గోడకి సరిపడా పెద్దవి చేస్తే మొహాలు ముగ్గుపిండి చల్లినట్టొచ్చాయి. కెమెరాలో కొండ మీది ఫోటో ఒక్కటే ఉంది. తాతమ్మకిచ్చిన మాట కోసం మీ నాన్న దాన్నే పెద్దది చేయించి పంపాడు. శ్రీకాకుళంలో తాతమ్మ మంచానికి ఎదురుగా మీరు చూశారుగా! ఒక అంచున మీ నాన్న చెయ్యి, ఒక అంచున మీ అమ్మ సగం మొహం, నడి మధ్యన కొంగుముడి మీద, గుడ్లు మిటకరించి, సంచిని కావలించుకుని నేను. తాతమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని దాన్ని చాలాసేపు చూసి మీ నాన్నకి ఫోన్ చేసింది.

"ఒరే, పిల్ల బాగానే ఉంది గానీ, పెళ్ళినాటికే జుట్టంతా నెరిసిపోయిందేంట్రా?"

అందుకే ఆ రత్నగిరి స్వామి సాక్షిగా ఒట్టేసుకున్నాను. ఈ కట్టెలో ప్రాణం ఉన్నంతవరకు జిప్పున్న సంచిలో తినే వస్తువు పెట్టను, బియ్యం డ్రమ్ములో బియ్యం తప్ప ఏదీ దాచను, అల్లుడి కెమెరా సంచిని చిటికెన వేలితో కూడా ముట్టుకోను.

ఒక్క సంగతి మాత్రం నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. కొండ మీద జిప్పు తీసినప్పుడు చివరి గదిలో ఉత్త కాగితమే ఉంది, నీటుగా నాలుగు మడతలు పెట్టి. అంటే రైల్లో నేను కునుకు తీసినప్పుడే ఎవరో ఆ సంచి తెరిచారు. అంతా చూశారు. జిప్పు మళ్ళీ వేసేసి, నేను ఆ మధ్యాహ్నమంతా చచ్చి బతుకుతుంటే పక్కనే ఉండి తమాషా చూశారు. మీ నాన్నని అడిగితే తాతయ్యని అడగమంటాడు. తాతయ్యని అడిగితే మీ అమ్మని అడగమంటారు. మీ అమ్మని అడిగితే నవ్వి ఫోన్ పెట్టేస్తుంది. మీరైనా కాస్త కనుక్కుని చెప్పండర్రా, ఆ పూతరేకు తిన్నదెవరు?